రాంపూర్ గుట్టలో గ్యాస్ ఉంది, అయితే ఏంటి?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లుగా ఒక వీడియో తిరుగుతోంది. హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో పాత చెత్త గుట్టను కప్పేసి, లోపల పుట్టే గ్యాస్‌ను పైపులతో లాగి, శుద్ధి చేసి, బండ్లలో నింపే ఇంధనంగా మారుస్తున్న ప్లాంటు గురించి. అది 2021 నాటి ముచ్చటే, కానీ వాట్సాప్‌లో ఏ వీడియో అయినా నిన్ననే తీసినట్టు వస్తుంది కదా. మా వరంగల్ చెత్తకూ అలాంటి గుట్టే ఉంది, మడికొండ పక్కన రాంపూర్ డంపింగ్ యార్డులో. కాబట్టి కింద కామెంట్లు మీరే ఊహించుకోవచ్చు. "మన మడికొండలో ఎందుకు పెట్టరు?" "ఇంత ఆస్తి పెట్టుకుని పొగ పీలుస్తున్నం." ఒకాయనైతే ఏకంగా లెక్క కట్టి, ఆ గుట్ట గ్యాస్‌తో వరంగల్ ఆటోలన్నీ ఫ్రీగా తిరగొచ్చని తేల్చేశాడు. లెక్క ఎలా కట్టాడో మాత్రం చెప్పలేదు.

ఆటో నడిపే మా బామ్మర్దికి ఈ వీడియో తెగ నచ్చింది. సీఎన్‌జీ బంకు లైన్‌లో ఉండి నాకు ఫోన్ చేశాడు. "బావా, ఈడ గంట నుంచి లైన్ల ఉన్న. గా రాంపూర్ గుట్ట నిండ గ్యాసే ఉన్నదట గదా, గది తోడి మాకు పోస్తె ఏం బోతది?" నేను చాలాకాలం కంప్రెషర్లు, గ్యాస్ పైపుల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పబోయాను, లైన్ కదిలినట్టుంది, పెట్టేశాడు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెత్త నుంచి వచ్చే గ్యాస్‌ను శుద్ధి చేసి బండ్లు నడపడం మంచి పనే, అందులో నాకు పేచీ లేదు. ఆ గ్యాస్‌ను రాంపూర్ గుట్ట నుంచి తీయాలనడం దగ్గరే పేచీ. ఆ గుట్ట గ్యాస్‌ను పట్టడం మనం తీర్చాల్సిన బాకీ. దాన్ని వ్యాపారంగా చూడటం మొదలుపెడితే గుట్ట ఎప్పటికీ కదలదు. బండ్లకు గ్యాస్ కావాలంటే చెత్త గుట్ట దాకా పోకముందే, మూత బిగించిన డైజెస్టర్‌లో, అంటే తడి చెత్తను గాలి తగలకుండా కుళ్లబెట్టే తొట్టిలో, తయారు చేసుకోవాలి. ఈ మాట మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి, అవి కూడా చెబుతా.

పేడ గ్యాస్ వేరు, గుట్ట గ్యాస్ వేరు

పరకాల దగ్గర మా పెదనాయన ఇంట్లో గోబర్ గ్యాస్ ఉండేది. ఇనుప డ్రమ్ము పైకి లేచి దిగుతుండే పాత రకం. పెద్దమ్మ పొద్దున పొయ్యి వెలిగిస్తే ఒక్కోసారి మంట ఎగిరెగిరి పడేది, పైపులో గుడగుడమని చప్పుడొచ్చేది. పెదనాయన పెరట్లోకి పోయి, పైపు బాగా వంగిన చోట ఉన్న చిన్న బిరడా తిప్పితే గ్లాసెడు నీళ్లు కారేవి. మళ్లీ బిగించి వచ్చేసరికి మంట నీలంగా నిలబడేది. ఆ ఇంట్లో గ్యాస్ శుద్ధి అంటే అంతే. పేడ, నీళ్లు, మూత. లోపలికి ఏం పోతుందో తెలుసు కాబట్టి బయటికి ఏం వస్తుందో తెలుసు.

డంపింగ్ యార్డులో లోపలికి ఏం పోయిందో ఎవరికీ తెలియదు. ముడి గ్యాస్‌లో మీథేన్ దాదాపు సగం, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. ఇక్కడి వరకు పేడ గ్యాస్‌కు పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ మిగిలిన కొసరులో ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఇల్లు రిపేరు చేయించినప్పుడు పారేసిన పీఓపీ సీలింగ్ ముక్కల్లో ఉండేది జిప్సం, గాలి తగలని చోట అది తడి చెత్తతో కలిసిందంటే ఈ వాయువు ఇంకా పెరుగుతుంది. తేమతో కలిస్తే ఇది ఆమ్లంగా మారి ఇనుప పైపులను లోపలి నుంచి తింటుంది. ఇత్తడి ఫిట్టింగులు నల్లబడిపోతాయి. దీన్ని ఐరన్ ఆక్సైడ్ నింపిన గొట్టాల గుండా పంపి పట్టాలి, ఆ పొడి నిండిపోతే మార్చాలి.

సిలోక్సేన్ల పేరు చాలామంది విని ఉండరు. మన షాంపూలు, హెయిర్ సీరంలు, డియోడరెంట్లలో ఉండే సిలికాన్ పదార్థాల నుంచి వచ్చేవి ఇవి. ఖాళీ అనుకుని మనం పారేసిన సీసా అడుగున మిగిలిందే గుట్టలో మెల్లగా ఆవిరై గ్యాస్‌లో కలుస్తుంది. గ్యాస్‌గా ఉన్నంతసేపు కనపడదు, ఇంజిన్‌లో కాలిందంటే సిలికా అవుతుంది, అంటే సన్న ఇసుక. వాల్వుల మీద, స్పార్క్ ప్లగ్ మీద తెల్లగా పేరుకుంటుంది. గుట్ట గ్యాస్‌తో నడిపిన ఇంజిన్ హెడ్ విప్పితే సున్నం కొట్టినట్టు ఉంటుంది. దీన్ని ఆపాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా అస్తమానం మార్చాలి, మార్చినప్పుడల్లా ఖర్చే.

ఇక కార్బన్ డయాక్సైడ్. దీన్ని తీయడం పాత విద్యే. ఒత్తిడిలో ఉన్న నీటిలోకి గ్యాస్‌ను పంపితే, మీథేన్ కంటే దాదాపు పాతిక రెట్లు ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ కరిగిపోతుంది, మీథేన్ పైనుంచి బయటికొస్తుంది. నీళ్లు వద్దంటే పొడి రసాయనాల మీద ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పట్టే పద్ధతి ఉంది, సన్నటి పొరల గుండా వడగట్టే పద్ధతీ ఉంది. మన దేశంలో బండ్లలో నింపే బయోగ్యాస్‌కు ఐఎస్ 16087 అని ప్రమాణం ఉంది. మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి, ఘనపు మీటరుకు గంధకం 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆక్సిజన్ అర శాతం మించకూడదు. ఆ తర్వాత 200 బార్ పైన ఒత్తిడికి కుదించి సిలిండర్లలో పడతారు. అటూ ఇటుగా మూడు ఘనపు మీటర్ల ముడి గ్యాస్ శుద్ధి చేస్తే ఒక కిలో ఇంధనం చేతికొస్తుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బు పెడితే అయ్యే పనులే. డబ్బుతో తేలనిది ఇంకొకటుంది.

గాలి కలిస్తే లెక్క తప్పుతుంది

గుట్టలో బావి దించి పంపుతో లాగుతాం. గుట్ట మీద సరైన కప్పు లేకపోతే ఆ పంపు లోపలి గ్యాస్‌తో పాటు పైనున్న గాలిని కూడా లాగుతుంది. గాలిలో ఆక్సిజన్‌ను లోపలున్న సూక్ష్మజీవులు కొంత వాడేసుకుంటాయి, నైట్రోజన్ మాత్రం వచ్చిన దారిన వచ్చినట్టు గ్యాస్‌తో కలిసి వస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ముడి గ్యాస్‌లో వంద పాళ్లకు మీథేన్ 50, కార్బన్ డయాక్సైడ్ 40, నైట్రోజన్ 10 ఉన్నాయనుకోండి. కార్బన్ డయాక్సైడ్‌ను బొట్టు వదలకుండా తీసేశాం. మిగిలింది 60, అందులో మీథేన్ 50. అంటే 83 శాతం. 90 కావాలి. ప్లాంటు ఎంత గొప్పదైనా సరుకు ఫెయిల్.

పోనీ నైట్రోజన్‌ను కూడా తీద్దామంటే అక్కడే పీకలమీదికొస్తుంది. మీథేన్ అణువుకూ నైట్రోజన్ అణువుకూ పరిమాణంలో తేడా చాలా కొద్ది. నీళ్లలో కరిగించి వేరు చేద్దామంటే రెండూ పెద్దగా కరగవు, జల్లెడ పడదామంటే రెండూ ఇంచుమించు ఒకే సైజు. చేసే పద్ధతులు లేకపోలేదు, కానీ ఆ ఖర్చు చిన్న గుట్టకు కిట్టదు. అదే నైట్రోజన్ 3 పాళ్లే ఉంటే 53లో 50, అంటే 94 శాతం వచ్చి హాయిగా పాసయ్యేది. కాబట్టి సరుకు పాసా ఫెయిలా అనేది చాలావరకు గుట్ట మీది కప్పు దగ్గరే తేలిపోతుంది.

గాలితో ఇంకో తలనొప్పి, నిప్పు. గుట్టలోకి గాలి పోతే లోపల వేడెక్కి, కనపడకుండా రాజుకుంటుంది. హైదరాబాద్ రోడ్డులో మడికొండ దాటేటప్పుడు బస్సు కిటికీలు మూసుకునేవాళ్లకు ఆ పొగ గురించి నేను చెప్పేదేం లేదు. కొచ్చిలో 2023 మార్చిలో బ్రహ్మపురం యార్డు అంటుకుంటే ఊరంతా రోజుల తరబడి పొగలోనే ఉంది. అలాంటి గుట్టలో పంపు పెట్టి గట్టిగా లాగితే గ్యాస్ కంటే ముందు మంట వస్తుంది.

జవహర్‌నగర్‌లో ఎలా అయింది మరి అంటారా? ముందు గుట్టను కప్పారు కాబట్టి అయింది. పైగా అది రాజధాని చెత్తంతా ఏళ్ల తరబడి మోసిన గుట్ట, దాని సైజుకు మన రాంపూర్ గుట్టకు పోలికే లేదు. అంత చేసినా, ఆ గుట్ట కింద నల్లగా ఊరే మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కల వాళ్లను అడగండి. వీడియోలో చెరువు లేదు.

అమెరికాలో ఈ పని ఎప్పటి నుంచో ఉంది. కాలిఫోర్నియాలోని పాలోస్ వర్డెస్ గుట్ట గ్యాస్‌ను 1975లోనే పైపులైనులో కలిపే స్థాయికి శుద్ధి చేశారు. న్యూయార్క్ చెత్త పోసిన ఫ్రెష్ కిల్స్‌ను 2001లో మూసేశాక కూడా దాని గ్యాస్‌ను శుద్ధి చేసి ఇళ్ల పైపుల్లోకి ఎక్కించారు. ఆల్టమాంట్ యార్డులో 2009 నుంచి ఆ గ్యాస్‌ను ద్రవంగా మార్చి చెత్త లారీలే నడిపారు. నేను ఇవేవీ కాదనడం లేదు. అవి కప్పు వేసి, బావులు దించి, ఏళ్ల తరబడి కొలతలు తీస్తూ కాపలా కాసిన పెద్ద పెద్ద గుట్టలు. మనది ట్రాక్టర్ వచ్చి ఎత్తిపోసి వెళ్లిన గుట్ట.

ఉత్తగా కాల్చేస్తే తప్పా?

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి వాదన ఒకటుంది. "సరే, ఇంధనం కాదు. మరి ఆ మీథేన్ ఇప్పటికీ గాల్లోకి పోతూనే ఉంది కదా, అది పర్లేదా?" పర్లేదని ఎలా అంటాం. నూరేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసే చెరుపు చేస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కన అయితే 80 పైమాటే. అది నేల కింద పగుళ్ల గుండా పక్కకు కూడా పాకుతుంది. ఇంగ్లండ్‌లో లోస్కో అనే ఊళ్లో 1986లో వాతావరణ పీడనం ఒక్కసారిగా పడిపోయిన రోజున, పక్కనున్న చెత్త గుట్ట నుంచి నేలలోంచి పాకిన గ్యాస్ ఒక ఇంట్లో చేరి పేలి ఇల్లు నేలమట్టమైంది. గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ ఉంటే చాలు, నిప్పురవ్వ పని కానిచ్చేస్తుంది.

అయితే ఈ చెరుపును ఆపడానికి శుద్ధి అక్కర్లేదు. కిలో మీథేన్‌ను కాలిస్తే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 28 ఎక్కడ, 2.75 ఎక్కడ. అంటే గ్యాస్‌ను పట్టి గుట్ట దగ్గరే ఒక గొట్టం పెట్టి కాల్చేసినా పదింట తొమ్మిది వంతుల మేలు జరిగిపోయింది. ముంబైలో గోరాయ్ గుట్టను మూసినప్పుడు అదే చేశారు, కప్పి, గ్యాస్‌ను పట్టి కాల్చారు. శుద్ధి చేసి ఆటోలో పోస్తే దానికి అదనంగా దక్కేది, ఆ ఆటో వాడాల్సిన భూగర్భ గ్యాస్ అంత మేరకు మిగలడం. అది కూడా లాభమే, కానీ చిన్న లాభం. ఆ చిన్న లాభం కోసం కంప్రెషర్లు, కార్బన్ ఫిల్టర్లు, ఆపరేటర్లు, కరెంటు బిల్లు అన్నీ మోయాలి, పైగా శుద్ధి చేసేటప్పుడు కొంత మీథేన్ వ్యర్థ వాయువుతో పాటు ఎలాగూ జారిపోతుంది.

గాలి పోయే గుట్టలో గ్యాస్ మరీ పలచబడితే గొట్టంలో మంట కూడా నిలవదు. అలాంటి చోట ఇంకా చౌకైన పని ఉంది. మాగిన కంపోస్టును గుట్ట మీద మందంగా పరిస్తే, అందులోని కొన్ని రకాల బ్యాక్టీరియా కిందనుంచి వచ్చే మీథేన్‌ను తినేస్తాయి. ఫోటో దిగడానికి అందులో ఏమీ ఉండదు, రిబ్బన్ కత్తిరించడానికి కూడా ఏమీ ఉండదు. అందుకే ఎవరూ దాని ఊసెత్తరేమో అని నా అనుమానం.

మనవాళ్లకు గ్యాస్‌ను ఉత్తగా కాల్చేయడం అంటే ప్రాణం ఉసూరుమంటుంది. అన్నం పారేసినట్టు ఉంటుంది. నాకూ అలాగే ఉంటుంది. కానీ ఈ ఉసూరు లోంచే ప్రమాదకరమైన ఆలోచన పుడుతుంది, గుట్టను ఆస్తి అనుకోవడం.

గుట్ట ఆస్తి అయిన రోజు

మన దేశపు చెత్తలో వంటింటి తడి ఎక్కువ. అది త్వరగా కుళ్లుతుంది, గ్యాస్‌లో పెద్ద వాటా మొదటి కొన్నేళ్లలోనే వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఏటా తగ్గుతూ పోతుంది. ప్లాంటు పెట్టినవాడికి మాత్రం అప్పు పదిహేనేళ్లకు ఉంటుంది. గ్యాస్ తగ్గుతుంటే వాడేం అడుగుతాడు? ఇంకా చెత్త పోయండి అంటాడు. వాణ్ణి తప్పు పట్టలేం, బ్యాంకు వాడు వాణ్ణి అడుగుతాడు కదా.

ఇటు 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చూడండి. ఎందుకూ పనికిరాని, కుళ్లని చెత్త మాత్రమే ల్యాండ్‌ఫిల్‌కు పోవాలని అందులో రాశారు. అంటే రూల్ ప్రకారం నడిచిన ఊళ్లో గుట్ట గ్యాసే పుట్టకూడదు. పాత గుట్టల విషయంలోనూ ముందు బయోమైనింగ్, అంటే పాత చెత్తను తవ్వి వేరు చేయడం, చూడమని, అది కుదరని చోటే కప్పమని రాశారు. రాంపూర్‌లో బయోమైనింగ్ మాట మనం ఎప్పటి నుంచో వింటున్నాం. తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని ఒకవైపు ప్లాస్టిక్‌ను ఒకవైపు పోసే గుట్టలో గ్యాస్ బావులు దించలేం. తవ్వుడు కావాలా, గ్యాస్ కావాలా, రెంట్లో ఒకటే. గ్యాస్ అన్నామంటే గుట్టను ఇంకో తరం దాకా అక్కడే ఉంచుతామని సంతకం పెట్టినట్టే.

మా అక్క మడికొండలో ఉంటుంది. ఆమెకు ఈ లెక్కలన్నీ చెప్పకముందే, వీడియో చూపించగానే ఒక్క మాట అన్నది. "మీకు గ్యాస్ వస్తది, మాకు గుట్ట ఉంటది. గంతేనా రా?" నేను ఇంత సేపు రాసింది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

లక్ష్మీపురం మార్కెట్‌లో ఉన్న గ్యాస్

మరి మా బామ్మర్ది ఆటోకు గ్యాస్ ఎక్కణ్నుంచి? లక్ష్మీపురం కూరగాయల మార్కెట్ సర్దుకునే వేళకు ఒకసారి వెళ్లి చూడండి. క్యాబేజీ పై ఆకులు మోకాలెత్తు పడి ఉంటాయి. చితికిన టమాటాలు, కాలీఫ్లవర్ కాడలు, పుచ్చిన వంకాయలు, వాటిమధ్య కొత్తిమీర కట్టల తాళ్లు, నీలం రంగు సుతిలి, పలిగిన క్రేటు ముక్కలు. బండి వచ్చి బకెట్‌తో అన్నిటినీ కలిపి ఎత్తుకుపోతుంది. ప్లాస్టిక్ తీసి పక్కన పెట్టొచ్చు కదా అని అడిగితే, ఆ డ్రైవర్ నన్ను పైకీ కిందికీ చూసి, "ఏరుకుంట కూసుంటె తెల్లారుతది అన్నా" అన్నాడు. నిజమే, అతని డ్యూటీ ఎత్తడం. ఏరడం ఎవరి డ్యూటీయో ఎక్కడా రాసి లేదు.

ఇదే సరుకుతో బోయిన్‌పల్లి మార్కెట్‌లో గ్యాస్ తీస్తున్నారు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ సాంకేతికతతో కట్టిన ప్లాంటు, రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థం, దాదాపు 500 యూనిట్ల కరెంటు, కొంత గ్యాస్ మార్కెట్ క్యాంటీన్ పొయ్యికి. ఇండోర్‌లో అయితే 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తకు, 17,000 కిలోల సీబీజీకి (శుద్ధి చేసి కుదించిన బయోగ్యాస్‌కు) కట్టింది, ఆ గ్యాస్ సిటీ బస్సులకు పోతుంది. టన్నుకు 30 కిలోలు అన్నమాట. ఆ లెక్కన మన ఊళ్లో వంద టన్నుల శుభ్రమైన తడి చెత్త దొరికితే 3,000 కిలోలు. ఆటోకు రోజుకు నాలుగు కిలోలు వేసుకున్నా ఏడు వందల పైచిలుకు ఆటోలు. వరంగల్ ఆటోలన్నీ కాదు, ఫ్రీగానూ కాదు, కానీ ఉత్తమాట కాదు.

డైజెస్టర్‌కు మూత ఉంటుంది, గాలి పోదు, నైట్రోజన్ గొడవ దాదాపు ఉండదు. షాంపూ సీసాలు పోవు కాబట్టి సిలోక్సేన్ల బాధా తక్కువే. మిగిలేది నీళ్లు, గంధకం, కార్బన్ డయాక్సైడ్. అంటే పెదనాయన ఇంటి గ్యాస్ లాంటిదే, కాస్త పెద్దది. అడుగున మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. గుట్టలో మిగిలేదాన్ని పొలానికి తోలే ధైర్యం నాకైతే లేదు.

నాకే నమ్మకం చాలని చోట్లు

"శుభ్రమైన తడి చెత్త" అని తేలిగ్గా రాసేశాను. అక్కడే అసలు తంటా.

మా గల్లీకి వచ్చే చెత్త ఆటోలో రెండు అరలున్నాయి. నేను రెండు డబ్బాలు తీసుకుని వెళ్తే, ఆ అక్క రెండూ ఒకే అరలో గుమ్మరించింది. ఇదేంటమ్మా అంటే, "తడి దాంట్ల నిండింది సార్, పొడి దాంట్ల జాగ ఉన్నది. మీ చెత్త ఇంటికి తీస్కపోతరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తడి చెత్త బరువెక్కువ, అన్ని ఇళ్లలోనూ అదే ఎక్కువ, అరలు మాత్రం సమానంగా కట్టారు. ఆటో డిజైన్ చేసినాయన ఇంట్లో వంట చేసేవాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇది మన ఊరికి చేతకాని పనేం కాదు. 2012 అక్టోబర్‌లో ఇక్కడ క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు, మిగతా మున్సిపాలిటీల సిబ్బంది వచ్చి వార్డుల వారీగా పోటీపడి ఇంటింటికీ తిరిగి తడి పొడి వేరు చేయించారు. అప్పుడు వరంగల్‌ను చూసి నేర్చుకోమని వేరే ఊళ్లకు చెప్పేవారు. తర్వాత ఏమైందంటే, ఇళ్లలో వేరు చేసిన చెత్త బండిలో కలవడం జనం కళ్లారా చూశారు. కలిపేదానికి వేరు చేయడం ఎందుకని మానేశారు. నేను వాళ్ల వైపే ఉంటా. వేరు చేసిన తడి చెత్త పోవడానికి ఒక చోటు కనపడితేనే జనం వేరు చేస్తారు, ఆ చోటు డైజెస్టరే కావచ్చు. కానీ డైజెస్టర్ పెట్టాలంటే ముందు వేరు చేసిన చెత్త కావాలి. ఏది ముందో తేలక పదేళ్లు గడిచిపోయాయి. అందుకే ఇళ్లతో కాకుండా మార్కెట్లు, ఫంక్షన్ హాళ్లు, హోటళ్లతో మొదలుపెట్టమంటాను. హనుమకొండలో ఒక్క పెళ్లి రాత్రి మిగిలే అన్నం, ఆకులు చూస్తే చాలు, అదీ అంతా ఒకే చోట.

రెండో అనుమానం నడపడం గురించి. నేనెరిగిన ఒక హాస్టల్‌లో చిన్న బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. పేపర్లో వచ్చింది, ఫోటోలు దిగారు. కొన్నాళ్లకు వారమంతా మిగిలిన పులిసిన సాంబారు, నూనె, పిండిన నిమ్మచెక్కలు అన్నీ ఒకేసారి పోశారు. లోపల ఆమ్లం పెరిగి సూక్ష్మజీవులు చచ్చాయి, గ్యాస్ ఆగింది, పుల్లటి కంపు మొదలైంది. మళ్లీ పేడ పోసి, సున్నం కలిపి ఓపిగ్గా నిలబెట్టేవాడు లేక మూత తీసి పడేశారు. ఇప్పుడు అందులో వానాకాలం దోమలు పెరుగుతున్నాయి. డైజెస్టర్‌కు జీర్ణశక్తి ఉంటుంది, దాన్ని రోజూ చూసుకునే ఒక మనిషి కావాలి, జీతం ఇచ్చి. మన టెండర్లలో యంత్రానికి డబ్బు ఉంటుంది, ఆ మనిషికి ఉండదు.

మూడోది ధర. కేంద్రం 2018 అక్టోబర్‌లో సీబీజీ ప్లాంట్ల కోసం సతత్ పథకం తెచ్చినప్పుడు కిలోకు 46 రూపాయలు ఇచ్చి కొంటామంది, 2023 నాటికి 5,000 ప్లాంట్లు అంది. ఆ సంఖ్య దరిదాపులకు కూడా పోలేదు. చెత్త సరిగా అందక కొన్ని, గ్యాస్ కొనే పైపులైను దగ్గర్లో లేక కొన్ని, మిగిలిన ఎరువు అమ్ముడుపోక కొన్ని ఆగాయి. ఇప్పుడు సిటీ గ్యాస్ కంపెనీలు కొంత శాతం సీబీజీ కలిపి తీరాలన్న నిబంధన వచ్చింది, 2025-26లో 1 శాతంతో మొదలై 2028-29కి 5 శాతం దాకా. కొనేవాడు ఉంటాడన్న భరోసా కొంత పెరిగింది. అయినా గ్యాస్ అమ్మిన డబ్బుతోనే ప్లాంటు బతకాలంటే కష్టం, చెత్త తీసుకున్నందుకు కూడా దానికి కొంత కట్టాలి. రాంపూర్‌కు తోలే డీజిల్, అక్కడ తవ్వించే ఖర్చు మిగులుతుంది కదా, అందులోంచి కట్టొచ్చు.

అక్క అడిగిన దానికి కూడా జవాబు ఉండాలి. డైజెస్టర్ పెట్టినా తీసుకెళ్లి మళ్లీ మడికొండ పక్కనే పెడితే ఆమెకు ఒరిగిందేం లేదు. మార్కెట్ చెత్తకు మార్కెట్ దగ్గరే పెట్టాలి, బోయిన్‌పల్లిలో అలాగే పెట్టారు. ఊరి మధ్యలో అంటే వాసన అంటారు. మూత సరిగా ఉన్న ప్లాంటుకు వాసన చెత్త దించే చోటే ఉంటుంది, దాన్ని రోజూ కడిగితే చేపల మార్కెట్ కంటే నయంగానే ఉంటుంది. కడగకపోతే గొడవ చేసే హక్కు ఆ చుట్టుపక్కల వాళ్లకు ఉంటుంది, హనుమకొండ వాళ్లు గొడవ చేస్తే కాస్త తొందరగా వినపడుతుంది కూడా.

కాబట్టి రేపు ఎవరైనా "చెత్త నుంచి గ్యాస్" అని మన ఊరికి ప్రాజెక్టు తెస్తే నేను చూసేది ఒప్పందంలో రెండు వాక్యాలే. రోజుకు ఇన్ని టన్నుల చెత్త ఇస్తామని నగరం మాట ఇస్తుందా, లేక ఇంత శాతానికి మించి ప్లాస్టిక్ లేని తడి చెత్త ఇస్తామని ఇస్తుందా? కంపెనీకి డబ్బు తీసుకున్న టన్నుకు కడతారా, ప్రమాణానికి తూగిన గ్యాస్ కిలోకు కూడా ముడిపెడతారా? రెండు చోట్లా టన్నులే ఉంటే అది పేరు మార్చిన డంపింగ్ యార్డు, నేను అభ్యంతరం రాసిస్తా. రాంపూర్ గుట్టకు మాత్రం విడిగా, ఏ గ్యాస్ ఆదాయం చూపించకుండా, తవ్వుడు అయ్యేదాకా కంపోస్టు కప్పుకూ, గ్యాస్ మీటర్లకూ, నిప్పు కాపలాకూ బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టమంటాను. ఆ పద్దు కింద ఆదాయం గడి ఖాళీగానే ఉంటుంది, ఉండనీయండి.